‘పుట్ అప్ విత్’ – ఓర్పా, సరిపెట్టుకొనుటా?

ఇంటియొద్ద ఇంగ్లీషు నేర్చుకొనువారి కొరకు అచ్చువేయబడు చిన్న పుస్తకములు మన బజారులలో విరివిగ దొరకుచున్నవి. వాని చివరి పుటలలో క్రియాపదముల పట్టిక యొకటి తప్పక యుండును. ఎడమవైపున ఇంగ్లీషుమాట, కుడివైపున తెలుగర్థము. ఆ పట్టికలో ‘పుట్ అప్ విత్’ అనుదాని కెదురుగ ‘సహించు, ఓర్చుకొను’ అని యుండుట మేము పలుమార్లు చూచితిమి. పిల్లలు దానిని వల్లెవేయుదురు. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. అందుచేత ఆ యర్థమును ఆక్షేపించువారు లేరు. మేము ఆక్షేపింపదలచితిమి. అది పూర్తిగ తప్పని మా వాదము కాదు. సగము మాత్రమే సరియైనది. తక్కిన సగము పుస్తకమునందు కంటె ఇంటియందు ఎక్కువ చెరుపు చేయుచున్నదని మా యభిప్రాయము.

ముందుగ ఆ మాటయొక్క జాతి యెట్టిదో చెప్పవలసియున్నది. ఇంగ్లీషున ‘గివ్’ అనగా ఇచ్చుట. ‘గివ్ అప్’ అనిన మానుకొనుట. ‘గివ్ ఇన్’ అనిన లొంగుట. ఇచ్చుట యెక్కడ, మానుట యెక్కడ? ధాతువు తెలిసినను, దాని వెనుక నున్న అవ్యయము తెలిసినను, రెండింటిని కూడిన మాటకు అర్థము తేలదు. 1755లో తన ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ పండితుడు, పరదేశీయులకు అన్నిటికంటె ఎక్కువ కష్టము కలిగించునది ఈ కూడికయే యని పీఠికలో ఒప్పుకొనెను. ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు వీనికి వచ్చుటకు మాత్రము చాలకాలము పట్టినది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన గ్రంథమున ఆ పేరు వాడి, అది ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకులలో నొకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించినదని చెప్పెను. 1930లో ఆగ్డెన్ అను నతడు 850 మాటలతోనే లోకవ్యవహారమంతయు నడపవచ్చునని ‘బేసిక్ ఇంగ్లీషు’ను కల్పించెను. అందు క్రియలు 18 మాత్రమే. తక్కిన వేల క్రియల పని యెవరు చేయుదురు? ఈ ‘పుట్’, ‘గెట్’, ‘గివ్’లే ‘అప్’, ‘ఇన్’, ‘అవుట్’ మున్నగు వానిని తోడు తెచ్చుకొని చేయును. నేర్చుకొనువానికి మాటలు తగ్గినవి గాని శ్రమ తగ్గలేదు.

తెలుగుబిడ్డ కిది వింతగ తోపనక్కరలేదు. ‘కనిపెట్టు’ అను మాటలో ఏమి కన్నారు, ఏమి పెట్టినారు? ‘మొదలుపెట్టు’, ‘వదలిపెట్టు’, ‘తాకట్టుపెట్టు’ అనునపుడు పెట్టుటకు ఒక గిన్నెగాని గూడుగాని కలదా? మేలుకొను, తోడుపడు, చేపట్టు వంటి మాటలకు మన వైయాకరణులు శబ్దపల్లవములని ముచ్చటైన పేరు పెట్టిరి. సూటిగ జెప్పవలెనన్న, ఆ పేరు నామమునకు ధాతువు చేరి క్రొత్త యర్థము చిగురించిన చోట చెల్లును. ఇంగ్లీషులో ధాతువునకు అవ్యయము చేరును. రెండింటికి చుట్టరికమే గాని అవి యొకటి గావు. అయినను, ఈ చుట్టరికము చూపి పాఠము చెప్పు నుపాధ్యాయుడు పట్టిక నప్పగించు నుపాధ్యాయునికంటె సగము కాలములో పిల్లలకు విషయము నెక్కింపగలడని మేము నమ్ముచున్నాము.

ఇక సికిందరాబాదు సంగతి. 1806లో మూడవ ఆసఫ్ జాహీ ప్రభువైన సికిందర్ జాహు పేర వెలసిన యీ యూరిని మనవారు నేటికిని లష్కరనియే పిలుచుచున్నారు; బోనాలు కూడ లష్కరు బోనాలే. ఇచట ఇంగ్లీషు కావ్యములతో గాక దండుతో వచ్చినది. 1874లో రైలు వచ్చిన పిమ్మట రైల్వే కచేరీలతోను, లాలాగూడ కార్ఖానాలతోను ఇండ్లలోనికి దిగినది. 1893 ఫిబ్రవరి 13వ తేదీన మహబూబు కళాశాలలో వివేకానందస్వామి ఉపన్యసించిన ఇంగ్లీషు వేరు. గుమాస్తా ప్రొద్దుగూకి ఇంటికి మోసికొనివచ్చిన ఇంగ్లీషు వేరు. ఈ రెండవదానిలో ‘పుటప్’ అనునది తెలుగుమాటయే యైపోయినది. “ఫైలు పుటప్ చేసినాను” అనిన పై యధికారి యెదుట పెట్టితినని యర్థము. “మీ రెక్కడ పుటప్ అయినారు?” అనిన మీ నివాస మెక్కడనని యర్థము. ఇంగ్లండు దేశమున ఈ రెండవ ప్రయోగము నాలుగు దినములు ఒకరియింట బసచేసిన యతిథికే చెల్లును. మన కచేరీలలోనో, ముప్పది యేండ్లుగ స్వంత యింట కాపురమున్న పెద్దమనిషిని కూడ అట్లే యడుగుదురు. ఇంగ్లీషువాడు వినినచో, పాపము ఈయన యింకను సత్రములోనే యున్నాడు కాబోలు ననుకొనును. దీనిని మేము తప్పుపట్టము. వలస వచ్చిన మాట క్రొత్త యూరి అలవాట్లు నేర్చుకొనును.

చిక్కంతయు ‘విత్’ చేరినచోట నున్నది. కచేరీ ‘పుటప్’ తెలిసిన తండ్రి తన కుమార్తెకు ‘పుట్ అప్ విత్’ను తన యనుభవమునుండి చెప్పలేడు. అందుచేత పుస్తకము తెరచును. పుస్తకము ‘ఓర్చుకొను’ అని చెప్పును.

ఆ మాట పుట్టుక చూచినచో సంగతి కొంత తేలును. పూర్వము ఇంగ్లీషులో ‘పుట్ అప్’ అనగా దాచిపెట్టుట, సంచిలో వేసికొనుట, కత్తిని ఒరలో పెట్టుట. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఏసు పేతురుతో కత్తిని ఒరలో పెట్టుమని చెప్పినపుడు వాడబడిన క్రియ ఇదియే. షేక్స్పియరుని ‘ఒథెల్లో’ నాటకమున, ఇయాగో మాటలు నమ్మి ధనము పోగొట్టుకొన్న రొడరిగో, తాను పడిన యన్యాయమును ఇక నెమ్మదిగ కడుపులో పెట్టుకొనజాలనని యెదురుతిరుగునపుడును ఇదే క్రియ కలదు. అనగా అవమానము జరిగినది; కత్తి దూయుటకు తగిన కారణమున్నది; అయినను దూయలేదు. జాన్సన్ కూడ పగతీర్చుకొనక విడుచుట యను భావముతోనే దీనికి అర్థము వ్రాసెను. అవమానమును జేబులో వేసికొనుట యను పలుకుబడి ఇంగ్లీషులో వేరుగ నింకొకటి కలదు. రెండును ఒక కుదుటివే.

గమనింపవలసిన దేమనగా, ఎదుటివాడు తప్పు చేసెనను సంగతి ఆ క్రియలోనే యిమిడియున్నది. తప్పు లేనిచోట ఆ మాటకు పని లేదు. మన ‘ఓర్చుకొను’ అనుదానిలో తప్పు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ప్రసవవేదన నోర్చుకొందుము, ఎండ నోర్చుకొందుము, పసిబిడ్డ యల్లరి నోర్చుకొందుము. ఓర్పు ఓర్చువాని గుణము. ఇంగ్లీషుమాట వ్రేలు ఓర్చబడుదానివైపు చూపును. తెలుగుమాట వ్రేలు ఓర్చువారివైపు చూపును. మొదటిదానిలో ఫిర్యాదు కలదు, రెండవదానిలో మెప్పు కలదు.

ఈ మూడు ముక్కలును విడదీయరాని యొక్కటే క్రియ యనుటకు ఇంగ్లీషువారిలోనే ఒక హాస్యకథ యున్నది. వాక్యమును అవ్యయముతో ముగింపరాదని పట్టుపట్టిన పండితమ్మన్యుని వెక్కిరించుటకై, ఎవరో ‘అప్’, ‘విత్’ అనువానిని ముందునకు లాగి, ‘పుట్’ను మాత్రము తుదకు వదలి, ఇట్టి చాదస్తమును సహింపనని వ్రాసిరట. వాక్యము నడుము విరిగి పడినది. అదియే అందలి హాస్యము. 1896లో యువసైనికోద్యోగిగ మన హైదరాబాదునకు వచ్చి గోల్కొండ కప్పు పోలోపందెమున ఆడిన చర్చిలునకు దీనిని అంటగట్టుట పరిపాటి. కాని 1942లో అచ్చైన ఒక పత్రికలో ఆయన పేరు లేకయే ఈ కథ కనబడుచున్నది. కర్త యెవరైననేమి, పాఠము చెప్పుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఇపుడు ప్రయోగము చూతము. ఇంగ్లీషువాడు దీనిని వేనితో చేర్చును? పొరుగింటి రణగొణధ్వని, కారుచున్న పైకప్పు, వేళకు రాని బండి, నోటిదురుసుగల యజమాని. దైవము పెట్టిన పరీక్షకు, తల్లి పడిన కష్టమునకు దీనిని సాధారణముగ వాడడు. ఎక్కువగ నిది నిషేధముతో కలిసి వినబడును. “ఐ వోంట్ పుట్ అప్ విత్ ఇట్” అనిన, ఇది నేను పడను అని. ఒక స్త్రీని గూర్చి “షీ పుట్స్ అప్ విత్ ఎ లాట్” అనినచో ఆమెపై జాలి, ఆమెను పెట్టుచున్నవారిపై నింద. మన పట్టిక చదివిన బాలిక ఆ వాక్యమును “ఆమె చాల ఓర్పు గలది” యని తెనిగించును. నింద ఎగిరిపోయినది. ఎవరు పెట్టుచున్నారు, ఏమి పెట్టుచున్నారు అని అడుగుట కవకాశమే లేకపోయెను. మిగిలినది ప్రశంసాపత్రము.

తిరుగుదారిలో జరుగు చెరుపు ఇంకను వింతైనది. మాకు తెలిసిన యొక కుటుంబమువారు విదేశమున నున్న బంధువుల పిల్లకై సంబంధము మాటలాడుచు, తమకు శాంతము, ఓర్పు గల కోడలు కావలెనని ఇంగ్లీషున ఉత్తరము వ్రాయించిరి. వ్రాసిన కుఱ్ఱవాడు పట్టిక నమ్మి, అన్నిటితోను ‘పుట్ అప్ విత్’ కాగల పిల్ల కావలెనని వ్రాసెను. అచట పుట్టి పెరిగిన ఆ పిల్ల ఉత్తరము చదివి, తల్లితో, “అమ్మా, వాళ్ళింట్లో అసలు ఏం జరుగుతోంది?” అని యడిగినదట. సంబంధము కుదరలేదు. ఉత్తరము వ్రాయించిన పెద్దలు ఈనాటివరకును ఆ పిల్లకు తెలుగు రానందున అట్లు జరిగినదనుకొనుచున్నారు. ఆ పిల్లకు ఇంగ్లీషు చక్కగ వచ్చినందున జరిగినదని మా తలంపు.

పురుషభేదమున ఈ క్రియలు ఎట్లు మారునో చూచుట మరింత యుపయుక్తము. తెలుగున ‘ఓర్చుకో’ యని మధ్యమపురుషమున చెప్పినపుడు అది తీయని హితబోధ. “ఓర్చుకో తల్లీ, అన్నీ అవే సర్దుకుంటాయి” అని కన్నతల్లియే పుట్టింటికి వచ్చిన కూతురి తల నిమురుచు చెప్పును. ఇంగ్లీషున అదే మధ్యమపురుషమున “యు విల్ హావ్ టు పుట్ అప్ విత్ ఇట్” అనిన తీపి యుండదు. వేరు దారి లేదు, నోరుమూసికొని పడియుండుమనుటకు దగ్గరగ నుండును. కన్నతల్లి యెవతెయు కూతురితో ఆ కంఠముతో చెప్పనొల్లదు. చెప్పినది ఆ మాటయే, కంఠము మాత్రము వేరు. ఇక ఉత్తమపురుషము. “ఇన్నేళ్ళూ ఓర్చుకున్నాను” అని ఆ కూతురే నడివయస్సున అనినపుడు, తెలుగుక్రియ యొక్కసారిగ ఇంగ్లీషుక్రియ చెంత చేరును. అది గుణవర్ణనము కాదు, సాక్ష్యము. ధాతువు అదియే, మెప్పు మాయమై లెక్క మిగిలినది. కావున ‘ఓర్చుకొను’ సగము సరియని మొదట చెప్పితిమి: ఉత్తమపురుష భూతకాలమున అది సరి, ‘ఓర్చుకో’ యను చోట పూర్తిగ తప్పు. పట్టికకు పురుషములు లేవు, కాలములు లేవు.

ఇంటిలో ఈ క్రియలు ఎవరికెవరికి పంచబడినవో కూడ చదువరులు పరికింపవలయును. ఇంటి యజమాని “ఇది నేను సహించను” అనును. కొడుకు “నేనెవరి మాటా పడను” అనును. కోడలికి మిగిలినవి ఓర్చుకొనుట, సర్దుకొనిపోవుట. నిషేధరూపములన్నియు ఒకవైపు, విధిరూపములన్నియు ఒకవైపు. ఇటీవల ఈ సర్దుబాటునకు ‘అడ్జస్ట్’ అను మాటయు వచ్చి చేరినది. రైలుపెట్టెలో ముగ్గురు కూర్చున్న బల్లపై నాలుగవవాడు వచ్చి “కొంచెం అడ్జస్ట్ అవండి” అనిన ముగ్గురును జరుగుదురు. ఇంటిలో “కొంచెం అడ్జస్ట్ కావమ్మా” అనిన జరుగునది యొకతెయే.

2005లో మన పార్లమెంటు చేసి 2006 అక్టోబరు 26 నుండి అమలుపరచిన గృహహింస నివారణ చట్టము, దెబ్బలనే కాక మాటలతోను, మనస్సునకు కలిగించు బాధతోను, ధనవిషయమునను చేయు పీడనమును కూడ హింసయే యనెను. వెనుకటి తరము ఓర్పు అను నొకే పేర చుట్టిపెట్టిన సంగతులు చట్టమున విడివిడిగ పేర్కొనబడినవి. చట్టము పీడించినవానివైపు వ్రేలు చూపునపుడు, మన నిఘంటువు పీడింపబడినదాని సుగుణమును వర్ణించుచు కూర్చుండుట తగునా? ఒక స్త్రీ తెలుగున చెప్పుకొన్న మొరను వకీలు ఇంగ్లీషున వ్రాయునపుడు, ‘ఓర్చుకున్నాను’ అనుదానిని ‘ఐ వాజ్ పేషెంట్’ అని వ్రాసెనా, మొర పోయినది. ‘ఐ పుట్ అప్ విత్ ఇట్’ అని వ్రాసెనా, మొర నిలిచినది. ఇచట ఆ చిన్న ఇంగ్లీషుమాటయే నమ్మకమైన యనువాదము.

అట్లైనచో చదువుకొన్నవారు దానిని వ్రాయరేల? వారికి ‘టాలరేట్’, ‘ఎండ్యూర్’ వంటి పెద్దమాటలు ప్రియము. తెలుగున ‘ఓర్చు’ అను దేశ్యముండగ ‘సహించు’ అను సంస్కృతభవమును మేలనుకొను బుద్ధియే ఇది. లాటిను మాటకు ఇంగ్లీషులో నున్న పీట, సంస్కృతపు మాటకు తెలుగులో నున్న పీట ఇంచుమించు ఒక యెత్తువే. 1897లో అచ్చుపడిన ‘కన్యాశుల్కము’లోని గిరీశము నాటినుండియు ఇంగ్లీషు మనయందు కొంతమందికి ఎదుటివానిని అదరగొట్టు సాధనము, రెండక్షరముల ‘పుట్’తో ఎవరదరుదురు? కాని ఇంగ్లీషువారి వంటయింటిలోను, వీధిలోను పనిచేయునది ఈ చిన్నదే.

తెలుగున దీనికి సరియైన మాట యేది యని యడుగువారికి, ఒక్క మాట లేదనియే మా సమాధానము. అయితే మాటలు లేకపోలేదు. వసతులు చాలనిచోట ‘సరిపెట్టుకొను’ అనునది యెంత చక్కగ అమరునో చూడుడు. “ఉన్నదానితో సరిపెట్టుకొంటిమి” అను వాక్యమున ‘పెట్టు’ కలదు, అది ‘పుట్’. ‘తో’ కలదు, అది ‘విత్’. ‘సరి’, ‘కొను’ అనునవి కలిసి ‘అప్’ చేయవలసిన పని చేయుచున్నవి. ఇది యాదృచ్ఛికమే, అయినను పిల్లవానికి ఒకసారి చూపినచో జన్మమున మరువడు. మాట తూలినవారి విషయమున ‘దిగమ్రింగు’ తగును. కత్తి ఒరలో పెట్టుకొన్న పాతయర్థము ఇందు పూర్తిగ నిలుచును. ‘కడుపులో పెట్టుకొను’ అనునది కొంత జాగ్రత్తగ వాడవలయును. అందు క్షమతోపాటు ప్రేమయు కలదు, ఇంగ్లీషుమాటలో ప్రేమ లేదు. ‘మనసులో పెట్టుకొను’ అనునది దీనికి వ్యతిరేకము. తప్పును విడువక దాచుకొనుట. ఒక్క ‘పెట్టుకొను’నకు కడుపు చేరిన నొకటి, మనసు చేరిన నొకటి. నిషేధమున ‘సహింపను’, ‘పడను’ అనునవి తిరుగులేనివి. నెత్తిన పడిన బరువునకు ‘భరించు’. ‘ఓర్చుకొను’ను మాత్రము, చెప్పుచున్నది అనుభవించినవారే యైనప్పుడు వాడవలయును.

పుస్తకములు వ్రాయువారు ఒక మాటకు ఒక మాట యను పద్ధతి మాని నాలుగు వాక్యములు వ్రాసినచో నష్టమేమి? ఒక పుట పెరుగును. 1958లో ఇంగ్లీషు బోధనకై నెలకొల్పబడి, 2007లో విశ్వవిద్యాలయమైన సంస్థ మనకు కూతవేటు దూరమున తార్నాకయందే యున్నది. విదేశములనుండి కూడ అచటికి వచ్చి చదువుచున్నారు. అచటి విద్వాంసులకు తెలిసిన సంగతులు మోండా మార్కెట్టు చెంతనున్న పుస్తకాల దుకాణము వరకు నడచి రాలేకపోవుటయే మాకు ఆశ్చర్యము. అంతవరకు తల్లిదండ్రులే పని చేసికొనవలసియున్నది: పిల్ల ‘పుట్ అప్ విత్, ఓర్చుకొను’ అని వల్లెవేయునపుడు ప్రక్కన కూర్చుండి, “ఎవరు? ఎవరితో? ఎందుకు?” అని మూడు ప్రశ్నలడిగిన చాలును. వాక్యము దానంతట అదియే తెలుగగును.

ఒక్క ప్రయోగము మాత్రము మమ్ము కొంతకాలము తికమక పెట్టినది. ఇంగ్లీషువారు సెలవు పుచ్చుకొనునపుడు నవ్వుచు “థాంక్యూ ఫర్ పుటింగ్ అప్ విత్ మీ” అందురు. ఇచట ఓర్చబడినది తానే. నింద తనపైనే వేసికొన్న వినయము. ‘నన్ను సహించినందుకు కృతజ్ఞతలు’ అని తెనిగించిన చెవికి కటువుగ నుండును. మన వృద్ధులు పదిదినములు చుట్టపుచూపుగ నుండి బయలుదేరుచు, ఇంటి యిల్లాలితో, “నా చాదస్తమంతా భరించావమ్మా” అందురు. అదియే సరియైన తెలుగు. ఇది యింతవరకు ఏ పట్టికలోను మేము చూడలేదు.